సిలికాన్ గింజకు వెలుగెక్కడిది?



మీ దగ్గర సెల్‌ఫోన్ ఉంటే దాని సంగతి ఒకసారి ఆలోచించండి. లోపల లెక్కలు కట్టేది సిలికాన్. ఫోటోలు దాచుకునేది సిలికాన్. కెమెరాలో వెలుతురును పట్టేదీ సిలికానే. తెర మీద వెలిగేది మాత్రం సిలికాన్ కాదు. వెనకాల టార్చిలైటులా వాడుకునే ఆ చిన్న దీపం గాలియం నైట్రైడ్‌తో చేసింది. ఇంటి కప్పు మీద సోలార్ పలక వెలుతురును మింగి కరెంటు ఇస్తుంది కదా, అక్కడ సిలికాన్‌దే పైచేయి. అదే సిలికాన్‌కు కరెంటిచ్చి, ఇప్పుడు వెలుగు ఇవ్వమ్మా అంటే మొండికేస్తుంది.

ఎందుకు మొండికేస్తుందో ముందు చెప్పుకుందాం. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్‌కు శక్తి ఇస్తే అది పై మెట్టుకు ఎక్కుతుంది, కింద ఒక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్ మళ్లీ ఆ ఖాళీలో పడినప్పుడు ఎక్కువైన శక్తిని కాంతి రూపంలో వదలాలి. ప్రకృతి ఇక్కడ రెండు లెక్కలు అడుగుతుంది. ఒకటి శక్తి లెక్క, రెండోది ద్రవ్యవేగం లెక్క. గాలియం ఆర్సెనైడ్‌లో ఈ రెండూ ఒకేసారి సరిపోతాయి. సిలికాన్‌లో పైనున్న ఎలక్ట్రాన్‌కూ కిందున్న ఖాళీకీ ద్రవ్యవేగాలు కలవవు. స్ఫటికం సరిగ్గా తగిన తీరులో కంపించి, ఆ తేడాను తాను తీసుకుంటే తప్ప కాంతి పుట్టదు. అలాంటి సందర్భం అరుదు. ఈలోగా ఎలక్ట్రాన్ ఎక్కడో ఒక లోపం దగ్గర చిక్కుకుంటుంది, దాని శక్తి వేడిగా మారిపోతుంది. వేలల్లో, లక్షల్లో ఏ ఒక్కటో కాంతిగా బయటపడ్డా, దాని తరంగదైర్ఘ్యం దాదాపు 1100 నానోమీటర్లు. అది పరారుణ కాంతి, మన కంటికి కనిపించదు.

కాబట్టి సిలికాన్ వెలగదు అని పాఠ్యపుస్తకాలు రాశాయి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అది పెద్ద ముక్కకు వర్తించే మాట.

1956లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆర్థర్ ఉలిర్, ఆయన భార్య ఇంగెబోర్గ్ సిలికాన్ పలకలను విద్యుత్తుతో నునుపు చేసే పనిలో ఉన్నారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో పలకను ముంచి కరెంటు పంపితే పైపొర సమంగా కరిగి అద్దంలా మెరవాలి. కొన్ని పరిస్థితుల్లో అలా జరగలేదు. పలక మీద నల్లగా, గోధుమ రంగులో ఒక పొర కట్టింది. వాళ్లకు కావలసింది నునుపు, వచ్చింది మరక. ఆ సంగతి రాసి ప్రచురించారు, అక్కడితో అది మరుగున పడింది. ఆ పొర నిండా కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలున్నాయని తర్వాత తేలింది. దానికి పోరస్ సిలికాన్ అని పేరు వచ్చింది. అయినా దాన్ని చీకట్లో పెట్టి చూడాలన్న ఆలోచన చాలా కాలం ఎవరికీ కలగలేదు.

చూసినవాడు లీ కానమ్. ఇంగ్లండులోని మాల్వర్న్ అనే ఊళ్లో రక్షణ శాఖ వారి రాడార్ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. సన్నటి పొరను ఆమ్లంలో గంటల తరబడి వదిలేస్తే రంధ్రాల మధ్య గోడలు ఇంకా పలచబడి, చివరికి కొన్ని నానోమీటర్ల మందం ఉన్న తీగల్లా మిగులుతాయని అతని లెక్క. అంత సన్నటి చోట ఇరికిస్తే ఎలక్ట్రాన్ ప్రవర్తన మారి తీరాలి. 1990లో అతను ఫలితం ప్రచురించాడు. ఆ పొర మీద లేజర్ కాంతి వేస్తే ఎర్రటి వెలుగు వచ్చింది. పరికరం పెట్టి వెతుక్కునేంత గుడ్డి వెలుగు కాదది, మామూలు కంటికే కనిపించింది. ఆమ్లంలో ఎక్కువ సేపు ఉంచిన కొద్దీ ఆ వెలుగు పరారుణం వైపు నుంచి ఎరుపు వైపు జరుగుతూ వచ్చింది.

ఈ ప్రయోగం ప్రయోగశాలలో ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. గాజు పాత్ర పనికిరాదు, ఈ ఆమ్లం గాజును తినేస్తుంది. అందుకని టెఫ్లాన్‌తో చేసిన చిన్న తొట్టి వాడతారు. అడుగున సిలికాన్ పలక, పైన ఆమ్లంలో వేలాడే ప్లాటినం తీగ. ఆమ్లంలో ఇథనాల్ కలుపుతారు. కరెంటు పెట్టగానే పలక మీద హైడ్రోజన్ బుడగలు పుడతాయి. ఇథనాల్ లేకపోతే ఆ బుడగలు పలకను పట్టుకుని కూర్చుంటాయి, వాటి కింద ఆమ్లం సోకక పొర మచ్చలు మచ్చలుగా వస్తుంది. కొద్ది నిమిషాల్లో, అద్దంలా ఉన్న పలక రంగు తిరుగుతుంది. తీసి ఇథనాల్‌తో కడిగి నిదానంగా ఆరబెట్టాలి. తొందరపడితే ఆరే ద్రవం లాగిన లాగుడుకే పొర పగిలి పెచ్చులూడుతుంది. గది చీకటి చేసి అతినీలలోహిత దీపం వేస్తే, అంతసేపూ మట్టిరంగులో ఉన్న ఆ పొర నారింజ ఎరుపులో వెలుగుతుంది. ఒకసారి చూసినవాళ్లు సిలికాన్ వెలగదన్న మాటను మళ్లీ అంత ధీమాగా అనలేరు.

కానమ్ ఫలితం వచ్చిన మరుసటి ఏడు, 1991లో, ఫోల్కర్ లేమన్, ఉల్రిష్ గోజెలె అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ఒక చక్కని విషయం చెప్పారు. పలక కరగాలంటే సిలికాన్‌లోని ధనావేశ ఖాళీలు ఉపరితలానికి చేరాలి. గోడ బాగా పలచబడితే అక్కడ శక్తి అంతరం పెరిగి, ఆ ఖాళీలు గోడలోకి రాలేవు. ఖాళీలు రాకపోతే కరగడం ఆగిపోతుంది. అంటే గోడను పూర్తిగా కరిగిపోకుండా కాపాడేదీ, దానికి కనిపించే వెలుగునిచ్చేదీ ఒకే క్వాంటమ్ ధర్మం. ఈ సబ్జెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

చిన్నదైతే వెలుగు ఎందుకు వస్తుందో కూడా చెప్పుకోవాలి. సిలికాన్‌లో ఎలక్ట్రాన్, ఖాళీ కలిసి తిరిగే జంట సహజంగా 4, 5 నానోమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. సిలికాన్ ముక్క, అంటే గింజ, అంతకంటే చిన్నదైతే ఆ జంట ఇరుకున పడుతుంది. ఇరుకున పడ్డకొద్దీ దాని శక్తి పెరుగుతుంది, రంగు పరారుణం నుంచి ఎరుపుకూ, ఎరుపు నుంచి పసుపుకూ జరుగుతుంది. చోటు కచ్చితమైన కొద్దీ ద్రవ్యవేగం అనిశ్చితమవుతుంది కాబట్టి, ఇందాకటి రెండో లెక్క కూడా కొంత సడలుతుంది. పైగా అంత చిన్న గింజలో లోపాలు లేకపోయే అవకాశం ఎక్కువ. ఇదంతా వినడానికి బాగుంది. గింజ సైజు చెబితే రంగు చెప్పేయొచ్చు అనిపిస్తుంది. 1990 తర్వాత కొన్నేళ్లు చాలామంది అలాగే అనుకున్నారు.

అప్పుడే తగాదా మొదలైంది. ఒక ప్రయోగశాలలో ఎరుపు వస్తే ఇంకోచోట నీలం. ఒకరి గింజలు ఏడాది పాటు వెలిగితే మరొకరివి వారంలో రంగు మారాయి. 1992లో జర్మనీలోని ష్టుట్‌గార్ట్ పరిశోధకులు అసలు ఇది క్వాంటమ్ వ్యవహారమే కాదన్నారు. సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన సిలాక్సీన్ అనే పాత రసాయనం ఒకటుంది, పలక మీద ఏర్పడి వెలిగేది అదేనని వాళ్ల వాదన. రెండింటి వెలుగూ ఒకేలా ఉండేసరికి వాదనకు బలం వచ్చింది. కానీ పోరస్ సిలికాన్‌ను బాగా కాల్చి, అందులో హైడ్రోజన్ అన్నది మిగలకుండా చేసినా ఎర్రగా వెలుగుతూనే ఉంది. దాంతో ఆ వాదన నిలవలేదు. నిలవకపోయినా ఒక మేలు చేసింది. సైజు గురించే మాట్లాడుతున్నవాళ్లందరి చూపునూ ఉపరితలం మీదికి మళ్లించింది.

ఉపరితలం ఎందుకంత ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది. 3 నానోమీటర్ల సిలికాన్ గింజలో ఉండేవి సుమారు 700 పరమాణువులు. వాటిలో మూడో వంతుకు తగ్గకుండా పైన, బయటి ప్రపంచానికి ఎదురుగా ఉంటాయి. లోపలి సిలికాన్ పరమాణువు నాలుగు చేతులతో నలుగురు పొరుగువాళ్లను పట్టుకుని ఉంటుంది. పైనున్నదానికి ఒకటో రెండో చేతులు ఖాళీ. ఆ ఖాళీ చేయి ఎలక్ట్రాన్‌కు ఉచ్చు. అందులో పడ్డ శక్తి కాంతి కాకుండా వేడి అయిపోతుంది. అంత చిన్న గింజలో ఇలాంటి ఖాళీ చేయి ఒక్కటుంటే చాలు, ఆ గింజ ఇక వెలగదు. చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోసినా ఏం లాభం? ఇక్కడ చిల్లు ఒకే ఒక్క పరమాణువంత.

ఆమ్లంలోంచి అప్పుడే తీసిన గింజకు ఈ బెడద ఉండదు. ప్రతి ఖాళీ చేతికీ ఒక హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది. అసలు చిక్కు గాలి తగిలాక మొదలవుతుంది. సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ ఉన్న పొత్తు అంత గట్టిది, హైడ్రోజన్‌ను తోసేసి ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది.

ఇది వెలుగును ఏం చేస్తుందో 1999లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఫోషె బృందం తేల్చింది. గాలి తగలనివ్వకుండా, హైడ్రోజన్ తొడుగుతోనే ఉంచిన గింజలు సైజు తగ్గే కొద్దీ పరారుణం నుంచి అతినీలలోహితం దాకా రంగులు మార్చాయి. సిద్ధాంతం చెప్పింది చెప్పినట్టు జరిగింది. అవే గింజలను ఆక్సిజన్‌కు చూపించేసరికి, అతి చిన్న గింజల వెలుగు దాదాపు 1 ఎలక్ట్రాన్ వోల్ట్ మేర ఎరుపు వైపు జారిపోయింది. నీలంగా, ఆకుపచ్చగా వెలగాల్సినవి ఎరుపు, నారింజల దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. ఆక్సిజన్ అంటుకున్నచోట కొత్త శక్తి మెట్టు ఒకటి ఏర్పడుతుంది, ఎలక్ట్రాన్ అందులోకి దిగి అక్కడి నుంచి కాంతి ఇస్తుంది. గింజను ఇంకా చిన్నది చేసినా ఆ మెట్టు పెద్దగా కదలదు. పోరస్ సిలికాన్ చేసిన ప్రతివాళ్లకూ ఎరుపే ఎందుకు వచ్చిందో, నీలం ఎందుకు చేజిక్కలేదో దీంతో చాలావరకు అర్థమైంది.

మరి కొందరికి నీలం ఎలా వచ్చింది? సీసాలో ద్రవాలు కలిపి, రసాయన చర్యతో సిలికాన్ గింజలు తయారుచేసేవాళ్లకు తరచూ నీలం వచ్చేది. గింజ చిన్నది కాబట్టి నీలం అని సర్దిచెప్పుకునేవారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనథన్ వీనో బృందం 2013లో దీన్ని సూటిగా పరీక్షించింది. ఎర్రగా వెలిగే గింజలనే తీసుకుని, ద్రవ పద్ధతిలో మామూలుగా వాడే నత్రజని ఉన్న రసాయనాలను వాటికి తగిలించారు. ఎర్రటి గింజలు నీలంగా మారాయి. కొలిచి చూస్తే సైజులో చెప్పుకోదగ్గ మార్పే లేదు! ఉపరితలం మీద చేరిన కాస్త నత్రజని, కాస్త ఆక్సిజన్ కలిసి రంగు మార్చేశాయి. మరుసటి ఏడాది అదే బృందం, గింజ పైనుండే రసాయన సమూహాలను మారుస్తూ నీలం నుంచి ఎరుపు దాకా వేర్వేరు రంగులు రాబట్టింది.

ఎరుపునూ నీలాన్నీ వేరుచేసి చూపే కొలత ఇంకోటి ఉంది. వెలిగించే దీపాన్ని టక్కున ఆపేసి, గింజ ఎంతసేపటికి ఆరిపోతుందో చూడటం. స్ఫటికం లోపలి నుంచి వచ్చే ఎరుపు నెమ్మదిగా, పదుల మైక్రోసెకన్లకు ఆరుతుంది. నీలం నానోసెకన్లలో ఆరిపోతుంది. వెయ్యి రెట్లకు పైగా తేడా. ఈ కొలత లేకుండా నీలి సిలికాన్ చేశామని ఎవరైనా చెబితే నేను వెంటనే నమ్మను. నీళ్లలో, ఒకే గిన్నెలో, తేలిగ్గా సిలికాన్ గింజలు చేసే పద్ధతులు కొన్ని బాగా ప్రచారంలోకి వచ్చాయి. వాటిలో నిజంగా సిలికాన్ గింజలు తయారవుతున్నాయా అని 2019లో ఒక పరిశోధన వ్యాసం ఏకంగా శీర్షికలోనే ప్రశ్న వేసింది. ఆ ప్రశ్న వేయాల్సిందే.

సరే, గాలి చెడగొట్టకుండా గింజను కాపాడేదెలా? ఇక్కడ కర్బన రసాయన శాస్త్రం ఆదుకుంది. 1993లో స్టాన్‌ఫర్డ్‌లో లిన్‌ఫర్డ్, చిడ్‌సీ చదునైన సిలికాన్ మీద ఒక పద్ధతి చూపించారు. ఉపరితలం మీద సిలికాన్, హైడ్రోజన్ బంధం ఉంది కదా. చివర జంట బంధం ఉన్న పొడవాటి కర్బన గొలుసును దాని దగ్గరికి తెస్తే, జంట బంధం విడివడి కర్బనం నేరుగా సిలికాన్‌కు అతుక్కుంటుంది. సిలికాన్, కర్బనం బంధం గట్టిది, గాలికీ నీటికీ తొందరగా లొంగదు. పద్ధతి పేరు హైడ్రోసిలైలేషన్. దీన్నే తర్వాత నానో గింజలకు వాడారు. గింజ చుట్టూ గొలుసులు నిలబడితే గింజలు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కట్టవు, టాలుయీన్ లాంటి ద్రవంలో చక్కగా కలుస్తాయి, ఆక్సిజన్ రావడానికీ దారి మూసుకుపోతుంది.

ఫలితం చిన్నదేమీ కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కోర్ట్‌షాగన్ బృందం సిలేన్ వాయువును ప్లాస్మాలో విడగొట్టి గింజలు చేసి, ఆక్సిజన్ సోకకుండా వాటికి ఈ గొలుసులు తొడిగింది. 2006లో వాళ్లు ప్రకటించిన అంకె ఇది: గింజ మింగిన ప్రతి 100 ఫోటాన్లకు 60కి పైగా ఫోటాన్లు తిరిగి బయటికొచ్చాయి. మొదట్లో చెప్పుకున్న ఆ వేలల్లో, లక్షల్లో ఒకటి ఎక్కడ, నూటికి 60 ఎక్కడ! మూలకం అదే సిలికాన్. సైజు తగ్గించారు, ఖాళీ చేతులన్నీ మూశారు.

ఆక్సిజన్ ప్రతిచోటా శత్రువనీ అనుకోకండి. అడ్డదిడ్డంగా పట్టినప్పుడే అది వెలుగును చెడగొడుతుంది. నిదానంగా, ఒద్దికగా పెరిగిన ఆక్సైడ్ పొర గింజకు మంచి తొడుగే. కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో మైకేల్ సైలర్ బృందం 2009లో పోరస్ సిలికాన్ కణాలను నీళ్లలో నానబెట్టి, పలచటి ఆక్సైడ్ పట్టించి వెలిగించింది. వాటిని ఎలుకల రక్తంలోకి ఎక్కించి, పరారుణం దగ్గరి ఆ వెలుగుతో శరీరం లోపల ఎక్కడున్నాయో చూసింది. కొన్ని వారాల్లో ఆ కణాలు కరిగి, సిలిసిక్ ఆమ్లంగా మారి, మూత్రంలో బయటికి పోయాయి. కాడ్మియం ఉన్న ఇలాంటి నానో గింజలతో, అంటే క్వాంటమ్ చుక్కలతో, ఇంత ధైర్యం చేయలేం, కాడ్మియం మూత్రపిండాలకు విషం.

ఇంకో ఉపయోగం కిటికీలది. 2017లో మిలాన్, మిన్నెసోటా పరిశోధకులు సిలికాన్ గింజలను ప్లాస్టిక్ పలకలో కలిపి చూపించారు. పలక మీద పడ్డ ఎండలో నీలం, అతినీలలోహిత భాగాన్ని గింజలు మింగి, పరారుణం దగ్గరి వెలుగు ఇస్తాయి. ఆ వెలుగు పలక లోపలే పరావర్తనం చెందుతూ అంచులకు చేరుతుంది, అంచుల్లో సన్నటి సోలార్ పట్టీలు ఉంటాయి. మామూలు రంగు పదార్థాలతో వచ్చే చిక్కేమిటంటే, తాము ఇచ్చిన వెలుగును దారిలో తామే మళ్లీ మింగేస్తాయి. సిలికాన్ అలా చేయదు. ద్రవ్యవేగం కలవకపోవడం వల్ల ఆ రంగు వెలుగును మింగడమూ దానికి కష్టమే. దీపం విషయంలో ఏది లోపమైందో కిటికీలో అదే గుణమైంది.

దీపాల సంగతి అడుగుతారు కదా. మిన్నెసోటా వాళ్లే 2011లో సిలికాన్ గింజలతో చేసిన ఎల్‌ఈడీలో, కరెంటుగా పంపిన ప్రతి 100 ఎలక్ట్రాన్లకు 8 ఫోటాన్లకు మించి రాబట్టారు. అదీ పరారుణం దగ్గరి వెలుగులో. మంచి అంకే, కానీ కరెంటు పెంచితే దెబ్బతింటుంది. ఎరుపు నెమ్మదిగా ఆరుతుందన్నాం కదా, మొదటి జంట ఇంకా కాంతి ఇవ్వకముందే గింజలోకి రెండో జంట వచ్చి పడుతుంది. అప్పుడు ఒకదాని శక్తిని ఇంకోటి లాక్కుని వేడిగా ఖర్చు చేస్తుంది. అందుకే మన టీవీ తెరల్లో వాడే క్వాంటమ్ చుక్కలు ఇప్పటికీ కాడ్మియం సెలెనైడ్‌వో ఇండియం ఫాస్ఫైడ్‌వో. ఎరుపులో సిలికాన్ పోటీ పడగలదు. నీలంలో, ఆకుపచ్చలో దాని మీద ఆశ పెట్టుకోవడం ఇప్పట్లో తొందరపాటని నా అభిప్రాయం.

మన వరి పండించే ప్రాంతాల వాళ్లకు ఆసక్తి కలిగించే కబురు ఒకటుంది. 2022లో జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయం వారు ధాన్యపు ఊకతో సిలికాన్ క్వాంటమ్ చుక్కలు తయారుచేసి ఎల్‌ఈడీ వెలిగించారు. ఊకను కాలిస్తే వచ్చే బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే, అంటే ఆక్సిజన్‌తో కలిసిన సిలికానే. రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఆ బూడిదలోంచి సిలికాను వేరుచేసి, దాన్ని సిలికాన్‌గా మార్చి, ఆమ్లంతో 3 నానోమీటర్ల దాకా అరగదీసి, పైన కర్బన గొలుసులు తొడిగారు. నారింజ ఎరుపు వెలుగు వచ్చింది, గింజల సామర్థ్యం నూటికి 20 దాటింది. గోదావరి జిల్లాల నుంచి నల్లగొండ దాకా ఏ మిల్లు దగ్గరైనా ముడిసరుకు ఉంది. అయితే ఊక చవక కదా అని ఈ పని చవక అనుకోకూడదు. ఖర్చంతా ఆ తర్వాత శుద్ధి చేయడంలోనూ, గాలి తగలకుండా తొడుగు వేయడంలోనూ ఉంది.

చివరగా, ఈ ప్రసంగం వింటున్న విద్యార్థులకు ఒక మాట. ఇందులో చాలా ప్రయోగాలు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ముడిపడినవి. ఇతర ఆమ్లాల్లా అది వెంటనే మంట పుట్టించకపోవచ్చు. చర్మం గుండా లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, నొప్పి గంటల తర్వాత మొదలవుతుంది, గుండె మీద కూడా దెబ్బ కొట్టగలదు. తగిన చేతి తొడుగులు, గాలి లాగే గూడు, పక్కనే కాల్షియం గ్లూకోనేట్ జెల్, ఆ పని తెలిసిన పెద్దవాళ్లు, ఇవన్నీ ఉన్న ప్రయోగశాలలో తప్ప ఆ సీసా మూత తీయకండి. ఇంట్లో అసలే వద్దు.